కిరాణా కోత... పప్పు మీద వద్దు!

ధరలు పెరిగితే చాలా ఇళ్లలో ముందుగా పలచబడేది పప్పు. తర్వాత పాల ప్యాకెట్‌ ఒకటి తగ్గుతుంది. గుడ్లు వారానికోసారి అవుతాయి. పండ్లు ‘పిల్లలకు మాత్రమే’ అంటారు. నూనె, పంచదార, బిస్కట్లు మాత్రం ఎప్పటిలాగే ఇంటికొస్తుంటాయి. ఇలా మిగిల్చిన డబ్బు రేపు మందుల దుకాణానికి పోవచ్చు. పొదుపు చేయాల్సిందే. కాకపోతే శరీరానికి అక్కర్లేని వాటి దగ్గర మొదలుపెడితే డబ్బూ మిగులుతుంది, ఆరోగ్యమూ దక్కుతుంది.

పాత బిల్లు తీయండి

పోయిన నెల కిరాణా బిల్లు ముందు పెట్టుకుని, పెన్నుతో మూడు రకాల గుర్తులు పెట్టండి. బియ్యం, గోధుమలు, పప్పులు, పాలు, గుడ్లు, కూరగాయలు, పల్లీలకు ఒకటో గుర్తు. నూనె, నెయ్యి, పంచదార, బెల్లం, ఉప్పుకు రెండోది. బిస్కట్లు, చిప్స్‌, నూడుల్స్‌, కూల్‌డ్రింకులు, సాస్‌లు, పాలలో కలిపే పొడులకు మూడోది. వేటికవి కూడండి. నెల మధ్యలో యాప్‌లో తెప్పించినవీ, వీధి చివరి కొట్లో పిల్లలు కొన్నవీ కలపడం మరవద్దు. కోత మూడో గుర్తుతో మొదలవ్వాలి. ఆ తర్వాతే రెండోది. ఒకటో గుర్తువి తగ్గించకుండా, వాటిలోనే చవకగా దొరికేవి ఎంచుకోవాలి.

నూనెకో లెక్క

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం రోజుకు 2,000 కెలోరీలు అవసరమైన వారికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు చాలు. నలుగురూ పెద్దవాళ్లే అనుకున్నా నెలకు 3,240 గ్రాములు. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది కాబట్టి సుమారు మూడున్నర లీటర్లు. మీ ఇంట్లో ఐదు లీటర్లు అవుతోందా? అంటే లీటరున్నర ఎక్కువగా వాడుతున్నట్టే. నూనె ప్యాకెట్‌ను బాణలిలోకి నేరుగా వంచకుండా చెంచాతో కొలిచి వేయండి. తేడా మొదటి నెలలోనే తెలుస్తుంది.

గారెలు, పూరీలు వేయించిన నూనెను దాచి, మళ్లీ మళ్లీ కాచడం మాత్రం పొదుపు కాదు. కాగిన కొద్దీ అందులో హానికర పదార్థాలు పెరుగుతాయి. చిన్న మూకుడులో కొద్దిగా పోసి వేయించండి. మిగిలింది వడకట్టి, ఒకట్రెండు రోజుల్లో కూరల పోపుకు వాడేయండి. మళ్లీ వేపుళ్లకు వద్దు.

పంచదార రోజుకు మనిషికి 25 గ్రాములు మించకూడదన్నది అదే సంస్థ సూచన. నలుగురికి నెలకు 3 కిలోలు. టీలో వేసేదే కాదు, బిస్కట్లలో, కూల్‌డ్రింకుల్లో ఉండేదీ ఈ లెక్కలోకే వస్తుంది.

డబ్బా మీద బొమ్మ చూడొద్దు

పిల్లల కోసం కొనే పాల పొడులు బిల్లులో పెద్ద పద్దు. ఇలాంటి వాటిని ‘హెల్త్‌ డ్రింక్స్‌’ విభాగంలో ఉంచి అమ్మొద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్రం ఆన్‌లైన్‌ అమ్మకాల సంస్థలకు సూచించింది. డబ్బా వెనక్కి తిప్పి, వంద గ్రాములకు చక్కెర ఎంతుందో చదవండి. రాగిజావ, వేయించిన పల్లీలు, ఉడికించిన శనగలు పిల్లలకు అంతకన్నా మేలు. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా క్యాల్షియం ఉంటుంది.

ప్రొటీన్‌ ధర చూడండి

వంద గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు, పల్లీల్లో సుమారు 25 గ్రాములు, ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రొటీన్‌ ఉంటుంది. మీ ఊళ్లో ధరలను బట్టి పది గ్రాముల ప్రొటీన్‌ ఎందులో చవకగా వస్తుందో లెక్కేయండి. కందిపప్పు ధర మండుతుంటే వారంలో రెండు మూడు రోజులు పెసరపప్పు, అలసందలు, ఉలవలు, శనగలతో నడిపించండి. అన్నంతోనో, రొట్టెతోనో కలిపి తింటే ప్రొటీన్‌ నాణ్యతా మెరుగవుతుంది.

పండంటే యాపిలే కానక్కర్లేదు. జామలో విటమిన్‌ సి యాపిల్‌ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. తోటకూర, గోంగూర, మునగాకు తక్కువ ధరలో ఎక్కువ పోషకాలిస్తాయి. ఆకుకూర పప్పు దించాక నిమ్మరసం పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

కొనేచోట కిటుకులు

* ఒక ప్యాకెట్‌ 800 గ్రాములు, మరొకటి కిలో ఉంటే ధరలు పోల్చడం కష్టం. ప్యాకెట్‌ మీద గ్రాముకు లేదా కిలోకు ఎంతో చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్నే పోల్చండి. పెద్ద ప్యాకెట్‌ ప్రతిసారీ చవక కాదు.

* ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ అంటే గడువు తేదీ చూడండి. ఆలోపు తినగలిగితేనే లాభం.

* 1999లో మొదలైన రైతు బజార్లలో రోజువారీ ధరల బోర్డు ఉంటుంది. దాన్ని చూసి, ఏది చవకో తెలుసుకున్నాకే వారం కూరలు నిర్ణయించుకోండి.

* విడి నూనె, విడి కారం, విడి పసుపు చవకని కొనొద్దు. కల్తీ భయం ఎక్కువ. ఎండుమిర్చి, పసుపు కొమ్ములు కొత్త పంట వచ్చినప్పుడు కొని, ఆరబెట్టి మర పట్టించుకోండి.

* పల్లీలు మూటలకొద్దీ కొనొద్దు. చెమ్మ తగిలితే బూజు పడతాయి. ఆ బూజులో పుట్టే అఫ్లటాక్సిన్‌ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వేయించినా అది పూర్తిగా పోదు. బూజు పట్టినవి, రంగు మారినవి, చేదెక్కినవి పారేయాల్సిందే.

అమ్మ కంచం కూడా చూడండి

ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు చడీచప్పుడు లేకుండా తగ్గేది ఇల్లాలి వాటా. గుడ్డు పిల్లలకు, పెరుగు ఆయనకు పెట్టేసి, మిగిలిన చారుతో సరిపెట్టుకునే తల్లులు ఎందరో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణ రెండింట్లోనూ 15-49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని తేలింది. అందుకే గుడ్లు, పాలు ఎన్ని కావాలో ఇంట్లో అందరినీ లెక్కేసుకునే జాబితా రాయండి. వీలైతే అందరూ కలిసి కూర్చుని తినండి. ఎవరికేం తగ్గిందో అప్పుడే కనిపిస్తుంది.

మూడో గుర్తులో మిగిలిన డబ్బును ముందుగా పప్పు, గుడ్లు, ఆకుకూరలకు మళ్లించండి. ఆ తర్వాత మిగిలిందే అసలైన పొదుపు. ఇంట్లో మధుమేహం, కిడ్నీ జబ్బులున్నవారు, గర్భిణులు ఉంటే వారి ఆహారంలో మార్పులు చేసే ముందు డాక్టర్‌ను అడగండి.