దగ్గు జ్వరం – కాలేయం

ఫ్లూ, కోవిడ్ ముదిరితే ఊపిరితిత్తులే కాదు, కాలేయమూ దెబ్బతింటుందని ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలో చేరాకే నాకు తెలిసింది. 2003లో సార్స్ రోగుల్లోనూ, 2020లో కోవిడ్‌తో ఆసుపత్రుల్లో చేరినవారిలోనూ చాలామందికి రక్తపరీక్షలో ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి. పెరిగాయి. ఇవి కాలేయ కణాల్లోని ఎంజైములు. కణం దెబ్బతింటే రక్తంలోకి వస్తాయి.

రక్తంలో ఆక్సిజన్ తగ్గినా, వైరస్‌తో పోరాడే రోగనిరోధక శక్తి అదుపు తప్పినా కాలేయానికి దెబ్బే. జబ్బు తగ్గాక చాలామందికి మామూలవుతుంది.

ఇంకో కారణం మందులు. ఇది మాత్రం మన చేతిలోనిదే. నేను ఇంటర్‌లో ఉండగా జ్వరమొస్తే, రూంలోని వాళ్లు ప్రేమగా తమ ట్రంకుపెట్టెల్లోంచి తలా ఒక బిళ్ల ఇచ్చారు. ఒకటి జ్వరానికి, ఒకటి జలుబుకు, ఒకటి ఒళ్లునొప్పులకు. అన్నం తినకుండానే మింగేశాను. పేర్లు వేరు, మూడింటిలోనూ పారాసిటమాలే! సరైన మోతాదులో అది మంచి మందు. పెద్దవాళ్లకైనా రోజుకు 4 గ్రాములు దాటితే కాలేయానికి విషం. పిల్లలకు బరువును బట్టి ఇంకా తక్కువ. తిండి లేనివారికి ముప్పు ఎక్కువ. మా నాన్నకు చదువు రాదు. సెలవుల్లో ఇంటికెళ్తే మందు అట్ట వెనక రాసింది నేనే చదివి చెబుతాను.

జ్వరంలో వాంతులు ఆగకపోయినా, కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, బిళ్లలు ఆపి వార్డెన్ సార్‌కు చెప్పండి. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి.