సంత ధరలు – సెలవునాటి భోజనము

బడి పనిదినములందు పిల్లలకు మధ్యాహ్న భోజనము బడిలోనే లభించుచున్నది. ఆదివారమునాడు బడి లేదు; ఆ భారము ఇంటిపై పడును. వారమంతయు వేర్వేరు వేళల భుజించువారందరును ఆనాడు ఒక్క పంక్తిని కూర్చుందురు. కూలిపై జీవించు కుటుంబమునకు ఆ పూట సంతోషమును కలిగింపవచ్చును, అప్పును మిగుల్పవచ్చును. ఏది కలుగునన్నది చాలవరకు సంతలో సరకు కొను పద్ధతిపై ఆధారపడియున్నది.

మనలో పలువురు వంట నిర్ణయించుకొని పిదప సంతకు పోవుదురు. వంకాయకూరకై తలచి వెళ్ళినవారు వంకాయ ధర యెంత పలికినను కొనక తప్పదు. ఈ క్రమమును మార్చవలెను. ఇంట పప్పు, చింతపండు, నూనె ఎంత యున్నవో ముందుగా చూచుకొనవలెను. పిదప సంతంతయు ఒకమారు తిరిగి, ఆనాడు విరివిగా వచ్చిన కూరను బట్టి వంట నిర్ణయించుట మేలు. గోంగూర చౌకయైన గోంగూర పప్పు, సొరకాయ చౌకయైన సొరకాయ పప్పు. పప్పు ఒక్కటే, కూర మారును.

ధరలెంతగా మారునో టమాటా చెప్పును. 2023 జూలైలో కిలో 100 రూపాయలు దాటెను. అదే సంవత్సరము సెప్టెంబరులో రాయలసీమలోని పలు మార్కెట్లలో రైతునకు కిలోకు 10 రూపాయలు కూడ రాలేదు. ప్రియమైనపుడు పులుపునకు చింతపండు చాలును.

చౌకయని అవసరమునకు మించి కొనుట పొదుపు కాదు. ఆకుకూర మరునాటికి వాడిపోవును. గుమ్మడి, కంద దినముల తరబడి నిలుచును. నిలుచువానిని ఉదయమే యేరి కొనవలెను. ఆ రాత్రికే వండు ఆకుకూరను సంత ముగియువేళ కొనినను నష్టము లేదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనల ప్రకారము, దినమునకు 2,000 కిలోకేలరీల ఆహారము తీసికొనువారికి ఆకుకూరలతో సహా 400 గ్రాముల కూరగాయలు కావలెను. ఐదుగురున్న యింట ఇది సుమారు 2 కిలోలు. కిలోకు 10 రూపాయలు తక్కువైన కూర నెంచుకొన్నచో ఒక్కనాటికి 20 రూపాయలు మిగులును. ఆ సొమ్ము పిల్లల గ్రుడ్లకో పండ్లకో ఉపయోగపడును.

ఇది గృహిణుల విషయమని పంచాయతీ సభ్యులు తలంపరాదు. సంతలో ఆశీలు వసూలు చేయు పంచాయతీకి ఆ సంతను చక్కగా నడుపు బాధ్యతయు కలదు. 1999లో ఆంధ్రప్రదేశమున ఆరంభమైన రైతుబజారులలో నాటి ధరలను పలకపై వ్రాయుదురు. మన సంత ముఖద్వారమునను ఒక నల్లబల్ల, ఒక సుద్దముక్క ఉన్న చాలును. తూకపు రాళ్ళపై ప్రభుత్వ ముద్ర ఉన్నదో లేదో సభ్యులు విచారింపవలెను. ధర తగ్గినను తూకము తగ్గిన లాభమేమి?

కొనువారి చౌక రైతు నష్టము కారాదు. పందిరియు నీరును లేని సంతలో మధ్యాహ్నమునకే ఆకుకూర వాడి, రైతు అయినకాడికి అమ్ముకొనిపోవును. అట్టి చౌక వలన మరుసటి వారము ఆ రైతు రాకుండుటయు సంభవించును. కావున నీడ, నీరు, నల్లబల్ల, సరియైన తూకము – ఈ నాల్గింటిని రాబోవు సమావేశమున చర్చింపవలసినదిగా సభ్యులను కోరుచున్నాము. సంత చక్కబడినచో ఆదివారపు విస్తరియు నిండును.