కాటి సీనులో వణికేదెవరు?

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో సత్యహరిశ్చంద్ర నాటకం ఆడిన రాత్రి జనం నిద్ర ఆపుకుని కూర్చునేది కాటి సీను కోసమే. బాపట్ల ప్రాంతపు ఇటికంపాడులో పుట్టిన బలిజేపల్లి లక్ష్మీకాంతం 1912లో రాసిన ఆ నాటకంలోకి, వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా ‘శ్మశానవాటి’ పద్యాలు వచ్చి చేరాయి. డి.వి.సుబ్బారావు వంటి నటులు వాటిని ఎత్తుకుంటే వన్స్‌మోర్లు మోగేవి. పగలంతా పత్తిచేలో, మిరప కల్లంలో ఒళ్ళు హూనం చేసుకున్న మనుషులు శ్మశానం చూడటానికి మేలుకునేవారు!

ఆ జనానికి చార్లెస్ డికెన్స్ ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ మొదటి అధ్యాయం తెలుగులో చెప్పి వినిపిస్తే ఇట్టే అందుకుంటారని నా నమ్మకం. 1860 డిసెంబరు 1న తన సొంత వారపత్రిక ‘ఆల్ ది ఇయర్ రౌండ్’లో డికెన్స్ మొదలుపెట్టిన సీరియల్ అది. వారం వారం వచ్చే కథ కాబట్టి మొదటి వారమే పాఠకుణ్ణి కట్టిపడెయ్యాలి. బలిజేపల్లి నాటకం నానా కష్టాలూ పడి ఆఖరుకు శ్మశానం చేరితే, డికెన్స్ నవల శ్మశానంలోనే కళ్ళు తెరుస్తుంది.

కానీ ఆయన వెంటనే భయపెట్టడు. పిప్ అనే అనాథ పిల్లవాడు అమ్మానాన్నల సమాధుల దగ్గర నిలబడి ఉంటాడు. వాళ్ళను ఎన్నడూ చూడలేదు. నాన్న సమాధి మీద చెక్కిన అక్షరాల వాలకాన్ని బట్టి, ఆయన నల్లగా, బలంగా, ఉంగరాల జుట్టుతో ఉండేవాడని ఊహించుకుంటాడు. పక్కనే పసితనంలో పోయిన ఐదుగురు తమ్ముళ్ళకీ అన్నలకీ ఐదు చిన్న రాళ్ళు. ఒక్కోటి మూరెడు. ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో కూలింగ్ అనే ఊరి చర్చి ఆవరణలో ఇలాంటి పసిపిల్లల సమాధులు ఈనాటికీ పదమూడు కనిపిస్తాయి. నవలలో అవి ఐదే అయ్యాయి. పదమూడు అంటే పాఠకుడు లెక్కలో పడతాడు, ఐదైతే ఒక ఇంటి కడుపుకోత కళ్ళకు కడుతుంది. రచయిత చెయ్యి ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది.

ఆ తర్వాత ఒకే ఒక పొడవాటి వాక్యం. సమాధులు, వాటి అవతల చదునైన చిత్తడి నేల, దాని అవతల నది, ఇంకా అవతల గాలిని తోలుతున్న సముద్రం. అంత దూరం తీసుకుపోయి, ఇంత విశాలాన్ని చూసి వణికి ఏడుస్తున్న ముద్ద ఒకటుంది, అదే పిప్ అని తేలుస్తాడు. మన రేగడి మైదానంలో పొద్దుగూకాక ఒంటరిగా గట్టు మీద నడిచినవాళ్ళకి ఆ వాక్యం వివరించనక్కర్లేదు. సరిగ్గా అప్పుడే సమాధుల మధ్య నుంచి ఒక మనిషి లేచి నోరు మూసుకోమని గద్దిస్తాడు. కాలికి ఇనుప సంకెల, తలకి పాత గుడ్డ, ఒళ్ళంతా బురద. పిల్లవాణ్ణి తలకిందులు చేసి జేబులు దులుపుతాడు. చర్చి కూడా తిరగబడ్డట్టు కనిపిస్తుంది. తిండీ, సంకెల కోసుకోవడానికి ఆకురాయీ తేకపోతే గుండె, కాలేయం పీకించేస్తానంటాడు.

నాకు ఈ అధ్యాయంలో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది వేరే చోటు. మీ అమ్మ ఎక్కడ అని ఆ మనిషి అడుగుతాడు. పిప్ అదిగో అని చూపిస్తాడు. ఎవరో వచ్చారనుకుని వాడు ఉలిక్కిపడి రెండడుగులు పరిగెత్తుతాడు. అమ్మ అక్కడ సమాధిలో ఉంది! భయపెట్టేవాడికే భయం. వాణ్ణి ఆకలి, చలి, చట్టం వెంటాడుతున్నాయి. పసివాడి జేబులోంచి పడిన రొట్టెను ఆబగా తింటాడు. ఉత్త రాక్షసుణ్ణి పెడితే ఆ రాత్రికి భయపడి మర్చిపోతాం. వణికే మనిషిని పెట్టాడు కాబట్టే వాడు మనల్ని వదలడు.

జాషువా కూడా దెయ్యాల దగ్గరే ఆగిపోలేదు. ఆయన శ్మశానంలో కొత్త సమాధి మీద ఒక దీపం ఉంటుంది. ఆముదం అయిపోయినా ఆరదు. అది దీపం కాదు, బిడ్డను పోగొట్టుకున్న ఏ అభాగ్యురాలో అక్కడ విడిచిపోయిన గుండె. అంటరానితనం బతికుండగానే మనిషిని ఎలా ఊరవతల పెడుతుందో ఎరిగిన కవికి, అందరూ సమానమయ్యే ఆ చోటును చూసి భయపడాల్సిన పనేముంది?

కాటి సీనులోనూ అడ్డుపడేవాడు భయంకరుడే. చచ్చిన కొడుకును మోసుకొచ్చిన తల్లిని కాటిసుంకం అడుగుతాడు. చీకట్లో ఒకరినొకరు గుర్తుపట్టరు. భర్తకు మాత్రమే కనిపించే మంగళసూత్రం కాటికాపరి కంట పడటంతో అదే సీనులో గుట్టు వీడిపోతుంది. పైగా ప్రేక్షకుడికి ముందే అంతా తెలుసు, అందుకే అక్కడ దుఃఖం పొంగుతుంది. డికెన్స్ పాఠకుడికి ఏమీ తెలియదు. పిప్‌ని హడలగొట్టిన ఆ ఖైదీ మాగ్విచ్ ఎవరూ తలపెట్టనంత మేలు తలపెట్టి, తండ్రిలాగా తిరిగొస్తాడని తెలియడానికి ముప్పై తొమ్మిదో అధ్యాయం దాకా ఆగాలి. అప్పటికి పిప్‌కి ఇరవై మూడేళ్ళు. గాలివాన రాత్రి గడపలో నిలబడ్డ ముసలివాడు జేబులోంచి ఆకురాయి తీస్తాడు, రుమాలు తలకు చుట్టుకుంటాడు, చేతులతో తనను తాను కావలించుకుని వణుకుతూ గదిలో నాలుగడుగులు వేస్తాడు. ఆ గుర్తులేవీ చూపించకముందే పిప్ వాణ్ణి పోల్చుకున్నాడు.