మీకు తెలుసా? బొబ్బిలి కోటను కూల్చిన బుస్సీ దొర కథ

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల తెలుగువాళ్లకు బొబ్బిలి కథ కొత్తగా చెప్పక్కర్లేదు. వాళ్లలో చాలామంది పెద్దలు విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వెళ్లినవాళ్లే. బొబ్బిలి మీదుగా సాగే రాయపూర్ లైను వేసిందీ, ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కట్టిందీ ఒకటే కంపెనీ: బెంగాల్ నాగపూర్ రైల్వే.

● 1964 నాటి ‘బొబ్బిలి యుద్ధం’లో ఎస్.వి. రంగారావు, 1986 నాటి ‘తాండ్ర పాపారాయుడు’లో కృష్ణంరాజు బొబ్బిలి వీరుడు పాపారాయుడి వేషం కట్టారు. రెండు కథల్లోనూ బొబ్బిలి మీదికి ఫిరంగులు తెచ్చినవాడు ఫ్రెంచి సేనాని బుస్సీ. ఎక్కి, జారిపడిన సైనికాధికారి కథ కావాలంటే ఈయనదే సినిమాకు సరిపోతుంది.

● 1750లో ఎక్కరాని జింజీ కోటను బుస్సీ ఒక్క రాత్రిలో పట్టాడు. మరుసటి ఏడు సలాబత్ జంగ్‌ను హైదరాబాద్ గద్దెనెక్కించాడు. 1753లో బొబ్బిలి ఉన్న ఉత్తర సర్కారులు ఆయన చేతికొచ్చాయి.

● 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడింది. మూడో రాత్రికి, బుస్సీ పక్షాన ఉన్న విజయనగరం రాజు విజయరామరాజు తన డేరాలోనే పాపారాయుడి చేతిలో హతుడయ్యాడు. ఆయన వారసుడు ఆనందరాజు ఫ్రెంచివారిపై తిరగబడి, విశాఖపట్నం పట్టుకుని, ఇంగ్లీషువారికి కబురంపాడు.

● ఆ కబురు అందుకుని 1758లో కలకత్తా నుంచి ఇంగ్లీషు గవర్నరు క్లైవ్ పంపిన కర్నల్ ఫోర్డ్ సేన ఓడల్లో విశాఖకు వచ్చింది. అప్పటికే బుస్సీని కొత్త ఫ్రెంచి గవర్నరు లాలీ దక్షిణానికి పిలిపించుకున్నాడు. డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తిలో, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నంలో ఫ్రెంచివారు ఓడారు. సర్కారులు చేజారాయి.

● 1760 జనవరిలో వందవాసి యుద్ధంలో బుస్సీ ఇంగ్లీషువారికి బందీగా చిక్కాడు. అదే ఏడు బెంగాల్ నవాబు మీర్ ఖాసిం మిడ్నపూర్‌ను ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. ఖరగ్‌పూర్ ఉన్నది ఆ సీమలోనే.

● ఓటమికి లాలీ 1766లో పారిస్‌లో తల పోగొట్టుకున్నాడు. బుస్సీ మాత్రం బతికి బయటపడి, 1783లో ముసలితనంలో మళ్లీ ఫ్రెంచి సేనాపతిగా వచ్చాడు. పాత గెలుపులు తిరిగి రాలేదు. 1785లో పుదుచ్చేరిలో కన్నుమూశాడు.