పై కోర్టుకెళ్తా... అంటే సరిపోదు!

'ఇక్కడ పోతే పోనీ, సుప్రీంకోర్టు దాకా వెళ్తా!'

కొవ్వూరు కోర్టు ఆవరణలో చెట్టు కింద నిలబడ్డా, చుట్టుపక్కల ఏ ఊరి రచ్చబండ మీద కూర్చున్నా ఈ మాట వినపడుతూనే ఉంటుంది. గట్టు తగాదా నుంచి లంక భూముల పంపకం దాకా గోదారి వాళ్ల పంతానికి చివరి మజిలీ అదే మరి. కానీ పై కోర్టు తలుపులన్నీ తోసుకుని వెళ్లేవి కావు. కొన్నింటిని తట్టాలి. రమ్మంటేనే లోపలికి వెళ్లాలి. అదే 'అప్పీలుకు అనుమతి'.

మొదటి మెట్టు దగ్గర ఈ బెడద పెద్దగా లేదు. పాతవాళ్లు ఇప్పటికీ మున్సిఫ్ కోర్టు అనే జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో దావా ఓడిపోతే, 30 రోజుల్లోగా పై కోర్టులో అప్పీలు వేసుకోవచ్చు. అది హక్కు. తీర్పు నకలు చేతికి రావడానికి పట్టిన రోజుల్ని ఆ లెక్కలోంచి తీసేస్తారు. అందుకే అనుభవమున్న గుమాస్తా తీర్పు వచ్చిన రోజే నకలుకు దరఖాస్తు పెట్టేస్తాడు. ఇరుపక్షాలూ ఒప్పుకుని రాజీ డిక్రీ పొందినా, లోక్ అదాలత్‌లో సర్దుకున్నా మాత్రం అప్పీలు ఉండదు.

అక్కడా ఓడితే? హైకోర్టు. గడువు 90 రోజులు. గట్టు ఎవరిది, సంతకం ఎవరిది వంటివన్నీ కింది కోర్టులు తేల్చేసినట్టే లెక్క. ముఖ్యమైన చట్టపరమైన ప్రశ్న ఉందని హైకోర్టుకు అనిపిస్తేనే రెండో అప్పీలును విచారణకు తీసుకుంటుంది. 1976 సవరణ పెట్టిన జల్లెడ ఇది. డబ్బు వసూలు దావా 25 వేల రూపాయలు దాటకపోతే రెండో అప్పీలే లేదు. పంతం ఖరీదు పాతిక వేలకన్నా ఎక్కువే అయినా సరే!

ఆ పై మెట్టు దగ్గర ఒకప్పుడు డబ్బే కొలబద్ద. తెల్లవాళ్ల కాలంలో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్లాలంటే ఆస్తి విలువ మామూలుగా 10 వేల రూపాయలన్నా ఉండాలి. రాజ్యాంగం వచ్చాక సుప్రీంకోర్టుకు వెళ్లడానికి దాన్ని 20 వేలు చేశారు. ఆ తేడా మధ్య ఓ తెలుగు కేసు ఇరుక్కుపోయింది. న్యాయశాస్త్ర విద్యార్థులు ఇప్పటికీ చదివే 'గరికపాటి కేసు' అది.

1949 ఏప్రిల్‌లో బాపట్ల సబ్ కోర్టులో ఆ దావా పడింది. మరుసటేడు కొట్టేశారు. దావా వేసినవారు మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. ఈలోగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1954లో గుంటూరులో కొత్త హైకోర్టు వచ్చింది. ఫైలూ అక్కడికే వచ్చింది. 1955లో తీర్పు తిరగబడింది. గెలిచినవారు ఓడారు! వారు సుప్రీంకోర్టుకు వెళ్లేందుకు అనుమతి అడిగితే హైకోర్టు కాదంది. ఆస్తి విలువ 11,400 రూపాయలే, 20 వేలు లేదు కదా అని.

'మేం కోర్టుకెక్కిన రోజున 10 వేలే కదా ఉన్నది? మధ్యలో రూలు మారిస్తే మా హక్కు ఏమైపోవాలి?' ఇదీ వారి ప్రశ్న. 1957 ఫిబ్రవరి 1న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం జవాబిచ్చింది. అప్పీలు హక్కు దావా వేసిన రోజే పుడుతుంది, కొత్త చట్టం స్పష్టంగానో, తప్పనిసరిగా అలా అర్థమయ్యేట్టుగానో తీసేస్తే తప్ప పోదు అని ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఆర్.దాస్ నాయకత్వంలోని మెజారిటీ తేల్చింది. ప్రత్యేక అనుమతి దొరికింది. విభేదించింది ఒక్కరే... టి.ఎల్.వెంకటరామ అయ్యర్. కర్ణాటక సంగీతంలోనూ దిట్ట అయిన ఆయన 1944లోనే సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు.

తర్వాత, 1972 నాటి రాజ్యాంగ సవరణతో డబ్బు కొలబద్ద పోయింది. సివిల్ కేసుల్లో ఇప్పుడు అందరికీ వర్తించే ముఖ్యమైన చట్ట ప్రశ్న ఉందని, దాన్ని సుప్రీంకోర్టే తేల్చాలని హైకోర్టు సర్టిఫికెట్ ఇవ్వాలి. తీర్పు చదివిన వెంటనే వకీలు నోటిమాటగానైనా అడగొచ్చు. ఇవ్వకపోతే 136వ అధికరణం కింద సుప్రీంకోర్టునే ప్రత్యేక అనుమతి కోరాలి. సర్టిఫికెట్ నిరాకరించాక 60 రోజులు, మామూలుగా అయితే 90 రోజులు గడువు. అక్కడ అనుమతి హక్కు కాదు, కోర్టు విచక్షణ.

ఇళ్లల్లో ఎక్కువగా తగిలే అనుమతి మరొకటుంది. అన్నదమ్ములిద్దరే పార్టీలుగా పంపకం దావా నడిచి, డిక్రీ అయిపోయిందనుకోండి. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు హక్కు మన రాష్ట్రంలో అప్పటికి పెళ్లి కానివారికి 1985లోనే వచ్చింది, 2005లో దేశమంతటికీ వర్తించింది. అయినా ఆ దావాలో అక్క పేరే లేదు! పార్టీ కానివారు నేరుగా అప్పీలు వేయలేరు. ఆ డిక్రీ వల్ల తనకు నష్టమని చూపి, ముందు కోర్టు అనుమతి తీసుకోవాలి. విడిగా దావా వేసుకునే దారీ ఉంది. గడువు దాటితే ఆలస్యానికి కారణం చెబుతూ మరో పిటిషన్ పెట్టాలి. 'నాకు తెలియలేదు' అంటే చాలదు, ఎప్పుడు ఎలా తెలిసిందో చెప్పాలి.

ఇంకో భ్రమ... అప్పీలు కాగితాలు పడితే చాలు, డిక్రీ ఆగిపోతుందని. ఆగదు. స్టే విడిగా అడగాలి. అది రానంతవరకు కోర్టు అమీనా గుమ్మంలోకి రావచ్చు. గెలిచినవారూ చేతులు ముడుచుకు కూర్చోనక్కర్లేదు. తమ మాట వినకుండా స్టే ఇవ్వొద్దంటూ పై కోర్టులో ముందే కేవియట్ వేసుకోవచ్చు. అది 90 రోజులు పనిచేస్తుంది. ఆ తర్వాత మళ్లీ వేయాలి.