మోటారు బిగించే ముందు

రెండున్నర నిమిషాలు. ఫస్ట్ లెగో లీగ్ పోటీలో ఒక రోబో ఆటకు ఇచ్చే సమయం అంతే. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న బల్ల మీద పిల్లలు కట్టిన చిన్న బండి తనంతట తాను నడవాలి, వస్తువులు తోయాలి, ఎత్తాలి, తిరిగి రావాలి. రిమోట్ ఉండదు. బడిలో ఎన్నోసార్లు చక్కగా మలుపు తిరిగిన బండి అక్కడికి వెళ్లాక మూలమీద కాస్త తక్కువ తిరిగి గోడను గుద్దుకుంటుంది. ‘పొద్దున బాగానే తిరిగింది కదా సార్’ అంటారు పిల్లలు ఏడుపు గొంతుతో. సగం జవాబు ఆ మాటలోనే ఉంది.

పొద్దునకూ మధ్యాహ్నానికీ మధ్య ఏం మారింది? బండి ఎందుకు తక్కువ తిరిగింది? చక్రాలు నెమ్మదించాయి కాబట్టి. ఎందుకు నెమ్మదించాయి? బ్యాటరీ దిగింది. బ్యాటరీ దిగితే మలుపు ఎందుకు చెడాలి? ‘ఇన్ని సెకన్లు తిరుగు’ అని ప్రోగ్రాం రాసుకున్నారు కాబట్టి. తొందరపడే జట్టు ఆ సెకన్లను కాస్త పెంచి ఊరుకుంటుంది. బ్యాటరీ మళ్లీ నిండితే బండి ఈసారి ఎక్కువ తిరుగుతుంది. ప్రశ్న వెంట చివరిదాకా వెళ్లిన జట్టు సెకన్లను వదిలి ‘చక్రం ఇన్ని చుట్లు తిరగాలి’ అని రాస్తుంది. చక్రం జారితే ఆ లెక్కా తప్పుతుందని గమనించిన జట్టు మరో అడుగు వేస్తుంది. బండి వీపును బల్ల గోడకు ఆనించి, వంకర సరిచేసుకుని, అక్కడి నుంచి కొత్తగా బయల్దేరదీస్తుంది. ఏ గోడను గుద్దుకుని ఓడిపోయారో ఆ గోడే ఇప్పుడు వాళ్లకు కొలబద్ద.

ఇలా ‘ఎందుకు’ అని వరసగా అడిగే పద్ధతిని టొయోటా కార్ఖానాల్లో టైచీ ఓనో నిత్యం చేసే అలవాటుగా మార్చారు. దాని మూలం మాత్రం కార్లలో లేదు, మగ్గంలో ఉంది. టొయోటా వంశానికి పునాది వేసిన సకిచీ టొయోడా మగ్గాలు తయారుచేసిన మనిషి. నూలు తెగిన క్షణంలో తనంతట తానే ఆగిపోయే మగ్గం ఆయన సాధించినది. 1924లో పూర్తయిన ఆటోమేటిక్ మగ్గంతో ఆ పని ఒక కొలిక్కి వచ్చింది. తప్పు జరిగిన చోటే ఆగితే తప్పు ఎక్కడ పుట్టిందో కనిపిస్తుంది. ఆగకుండా నేస్తూ పోతే గజాల కొద్దీ గుడ్డ పాడయ్యాక గానీ తెలియదు.

ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంటి పిల్లలకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. పట్టుచీర అంచు మీద పువ్వు పూయించే జకార్డు అట్టలు వాళ్లు రోజూ చూస్తూనే ఉంటారు. చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. 1804లో ఫ్రాన్సులో పుట్టిన ఆ ఏర్పాటే తర్వాత కంప్యూటర్లకు దారి చూపింది. ప్రోగ్రామింగ్ పాఠం మొదలుపెట్టే టీచరు ముందుగా పిల్లలను ఒక మగ్గం దగ్గరికి తీసుకెళ్తే బాగుంటుందని నా గట్టి నమ్మకం.

మగ్గం అనగానే చింతకింది మల్లేశం గుర్తుకు రావాలి. తెలంగాణలో ఆలేరు దగ్గరి శారాజీపేట ఆయనది. చదువు ఆరో తరగతితో ఆగింది. తల్లి లక్ష్మి చీర నేతకు ముందు ఆసు పోసేది. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ నూలును అటూ ఇటూ తిప్పే పని అది. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు కదలాలి. భుజం, మోచెయ్యి నొప్పితో ఇక నావల్ల కాదని తల్లి అంటే కొడుకు యంత్రం చేయాలనుకున్నాడు. 1992లో మొదలుపెడితే 1999 దాకా పట్టింది.

రోబోటిక్స్ జట్లు ఈ ఏడేళ్లను శ్రద్ధగా చదవాలి. మల్లేశం యంత్రాన్ని ఒక్క ఊపున ఊహించలేదు. తల్లి చేతి కదలికను ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకు ఒక్కో అమరిక వెతికాడు. ఒకటి కుదిరాక తర్వాతిది. డబ్బు అయిపోయింది, ఊళ్లో మాటలు పడ్డాడు, హైదరాబాద్ వెళ్లి కూలి పనిచేశాడు. చివరి కదలిక దొరక్క ఏళ్లు గడిచాయి. అది బాలానగర్‌లోని ఒక వర్క్‌షాపులో, వేరే పని చేస్తున్న మరో యంత్రంలో కనిపించింది. ఆ యంత్రాన్ని ఎంతోమంది చూసి ఉంటారు. తనకు సరిగ్గా ఏ కదలిక కావాలో తెలిసినవాడు గనక ఆయన గుర్తుపట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆసు యంత్రానికి పెట్టింది తల్లి పేరే.

ఇక జట్టు మాటకు వద్దాం. నలుగురు పిల్లలు కూర్చుని ఎవరికి తోచింది వాళ్లు అరిస్తే కొత్త ఆలోచనలు పుడతాయని చాలామంది నమ్ముతారు. ఆ పద్ధతికి పేరు తెచ్చింది అలెక్స్ ఆస్‌బోర్న్ అనే అమెరికా ప్రకటనల నిపుణుడు. అయితే 1958లోనే యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరీక్షించి చూశారు. అంతేమంది విడివిడిగా కూర్చుని రాసిన ఆలోచనలు కలిపి చూస్తే, గుంపుగా కూర్చున్నవాళ్ల కంటే ఎక్కువే వచ్చాయి. మన బడుల్లో ఇది ఇంకా ముఖ్యం. మాటకారి పిల్లవాడు నోరు తెరిస్తే వెనక కూర్చున్న అమ్మాయి తన ఆలోచన మింగేస్తుంది. అందుకే ముందు పది నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా ఎవరి కాగితం మీద వాళ్లు రాయాలి, బొమ్మ గీయాలి. ఆ తర్వాత కాగితాలు చేతులు మారాలి. వాదన ఆఖరున.

డబ్బు లేదన్న దిగులుకు ఫీనిక్స్ పిల్లల కథ మందు. అమెరికాలోని అరిజోనా ఎడారి నగరంలో కార్ల్ హేడెన్ హైస్కూలు. అక్కడ చదివే పేద మెక్సికన్ వలస కుటుంబాల పిల్లలు నలుగురు 2004లో నీటి అడుగున నడిచే రోబోల పోటీకి వెళ్లారు. హైస్కూలు విభాగంలో ఓడిపోవడం కంటే పెద్దవాళ్ల చేతిలో ఓడితే నయమని కాలేజీల విభాగంలోనే దిగారు. వాళ్ల రోబో చట్రం మామూలు పీవీసీ పైపు. పోటీకి ముందు వైర్లున్న పెట్టెలోకి నీరు కారుతున్నట్టు తేలింది. మళ్లీ అతికించే సమయం లేదు. నీటిని ఆపలేకపోతే పీల్చేస్తే సరిపోదా అని లొరెంజో సాంటియాన్ అనే కుర్రాడికి తట్టింది. దుకాణానికి వెళ్లి, ఆడవాళ్లు నెలసరికి వాడే టాంపాన్లు కొని తెచ్చి పెట్టెలో కుక్కారు. ఆ పోటీలో మొదటి స్థానం వాళ్లది, రెండోది ప్రపంచ ప్రఖ్యాత ఎంఐటీది. ‘కారకుండా ఎలా ఆపాలి’ అన్న ప్రశ్నను ‘తడి తగలకుండా ఎలా చూడాలి’ అని మార్చుకోవడంలో ఉంది ఆ గెలుపు.

మన దగ్గర అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు 2016 నుంచి వచ్చాయి. ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా సాయం. మరో 50,000 ల్యాబ్‌లు ప్రభుత్వ బడుల్లో అయిదేళ్లలో పెడతామని 2025 కేంద్ర బడ్జెట్ చెప్పింది. మంచిదే. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కార్ఖానాలో వందలాది రోబో చేతులు పనిచేస్తున్నాయి. ఆ చేతులకు పని నేర్పే ఉద్యోగాలు మన పిల్లలకు దక్కాలి. కానీ త్రీడీ ప్రింటరు, ఆర్డుయినో బోర్డు వచ్చినంత మాత్రాన ప్రశ్న రాదు. కిట్‌తో పాటు వచ్చిన పుస్తకంలో ఉన్న బండినే ప్రతి బడీ కడితే ఆ డబ్బు వృథా.

కదిరికీ గోరంట్లకూ మధ్యనున్న ఓబులదేవరచెరువులో ప్రశ్నలకు కరువు లేదు. విత్తనం చెనిక్కాయలనే తీసుకోండి. నూనెకయితే మిషన్లో వేసి ఒలిపించొచ్చు. విత్తనానికి చేతి ఒలుపే నమ్మకం, ఎందుకంటే మిషన్లో పప్పు బద్దలవుతుంది, పొర లేచిపోతుంది. గుల్ల పగలాలి, గింజ పగలకూడదు. బలం కావాలి, అదే బలం వద్దు. పైగా ఒక కాయ లావు, ఒకటి సన్నం.

సోవియట్ ఇంజినీరు గెన్రిక్ ఆల్ట్‌షుల్లర్ జీవితమంతా ఇలాంటి పేచీలనే చదివాడు. దేశంలో కొత్త ఆవిష్కరణల పరిస్థితి బాగాలేదని స్టాలిన్‌కు ఉత్తరం రాసి, 1950లో అరెస్టయి, వోర్కుటా నిర్బంధ శిబిరంలో ఏళ్లు గడిపాడు. వేలాది పేటెంట్లు తిరగేసి ఆయన తేల్చింది ఇదీ: రెండు అవసరాలు కొట్లాడుకుంటే మధ్యేమార్గంగా రాజీపడకండి, వాటిని వేరే చోట్లకో వేరే సమయాలకో పంపండి.

జాక్ బ్రాండిస్ అనే ఆవిష్కర్త చేసింది అచ్చంగా అదే. ఆఫ్రికాలో మాలి దేశానికి 2001లో వెళ్లి, చేత్తో వేరుశనగ ఒలిచే స్త్రీల కష్టం చూసి, బల్గేరియా నమూనా ఒకదాని ఆధారంగా కాంక్రీటుతో చేతి యంత్రం తయారుచేశాడు. ఒక శంకువు లోపల మరో శంకువు. మధ్య సందు పైన వెడల్పు, కిందికి పోనుపోను ఇరుకు. లావు కాయ పైనే పగులుతుంది, సన్నకాయ కిందికి జారి అక్కడ పగులుతుంది. ఏ కాయకు ఎంత ఒత్తిడో కాయే ఎంచుకుంటుంది.

ఓబులదేవరచెరువు మండలంలోని ఏ ఉన్నత పాఠశాలలోనైనా విత్తనం కాయలు ఒలిచే యంత్రం పనిని ఈ ఏడే మొదలుపెట్టొచ్చు. మొదటి వారం మోటారు ముట్టుకోనివ్వకండి. ఒక్కో జట్టుకు ఒక చాటెడు కాయలు, ఒక నోటు పుస్తకం ఇవ్వండి. గుల్ల ముందు ఎక్కడ నెర్రె ఇస్తుంది, కాస్త తడిపితే ఏమవుతుంది, ఒలిచే అవ్వ వేలు ఎక్కడ నొక్కుతుంది అన్నవి రాయించండి. తర్వాత అట్టముక్కలతో, ప్లాస్టిక్ పైపులతో నమూనాలు చేయించండి. ఒకసారికి ఒకే మార్పు చేయాలి, ప్రతి మార్పుకూ పది పరీక్షలు జరగాలి, ఫలితం రాసుకోవాలి. సెన్సారు, మోటారు ఆ తర్వాత. న్యాయనిర్ణేతలుగా ఇంజినీర్లతో పాటు చెనిక్కాయలు ఒలిచే ఇద్దరు ఆడవాళ్లను కూర్చోబెట్టండి. నూరు కాయలు వేస్తే ఎన్ని గింజలు పొర చెదరకుండా వచ్చాయో లెక్కపెట్టి మార్కులు వేసేది వాళ్లే కావాలి.