చీరాల లెక్కల్లో పల్లె ఎక్కడుంది?

చీరాల జనగణన పట్టిక తెరిస్తే మొదటి వరుసలోనే ఒక వింత కనిపిస్తుంది. 2001లో మున్సిపాలిటీ జనాభా సుమారు 85 వేలు. 2011లో సుమారు 87 వేలు. పదేళ్లలో పెరిగింది రెండు వేలలోపే. ఆ పదేళ్లలో చీరాల చుట్టూ లేచిన ఇళ్లను చూసినవాళ్లెవరూ ఈ మాట నమ్మరు. అంకె తప్పు కాదు. మున్సిపాలిటీ సరిహద్దు దాటి ఊరు పెరిగింది. కలిసిపోయిన చుట్టుపక్కల ప్రాంతాలన్నిటినీ కలిపి లెక్కిస్తే 2011లోనే జనాభా సుమారు 1.62 లక్షలు.

ఒకే పట్నానికి రెండు అంకెలు, రెండూ నిజమే. ఏ గీత లోపల లెక్కపెట్టారు అన్నదాన్ని బట్టి బొమ్మ మారిపోతుంది. గీత బయట ఉన్నవాళ్లకు మున్సిపల్ కుళాయి, మున్సిపల్ డ్రైనేజీ రావు. పట్నంలో పనిచేస్తారు, పట్నం రేట్లకు కొనుక్కుంటారు, సౌకర్యాలు మాత్రం పంచాయతీవి.

జనాభా, కుటుంబాలు, ఇళ్లు అనే ఈ మూడు పట్టికలను ఎలా చదవాలి, వాటిలో దళితుల ఇళ్లు ఎక్కడ కనబడతాయి, ఎక్కడ మాయమవుతాయి అన్నది ఈ వ్యాసంలో చెప్పాలనుకుంటున్నాను. ఇళ్ల గణన మళ్లీ మన గుమ్మం ముందుకు వస్తున్న సమయంలో ఇది తెలిసి ఉండటం అవసరం.

చీరాలే ఎందుకు?

ఇల్లు వదిలి వెళ్లడం అనే మాటతో చీరాల చరిత్ర రెండుసార్లు ముడిపడింది.

మొదటిది పాఠ్యపుస్తకాల్లో ఉంది. చీరాల, పేరాల గ్రామాలను కలిపి బ్రిటిష్ ప్రభుత్వం మున్సిపాలిటీ చేసింది. పన్నులు ఒక్కసారిగా పెరిగాయి. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో దాదాపు 13 వేల మంది ఇళ్లు వదిలి, ఊరి బయట రామనగర్ పేరుతో పాకలు వేసుకుని సుమారు పదకొండు నెలలు ఉన్నారు. పట్నం హోదా వస్తే మంచిదే కదా అనుకుంటాం. ఆ హోదాతో ఎవరికి ఏం వస్తుంది, ఎవరి మీద ఏం పడుతుంది అని ఆనాటి జనం అడిగారు.

రెండోది 1985 జూలై 17. చీరాలకు కొద్ది కిలోమీటర్ల దూరంలోని కారంచేడులో కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద దాడి చేసి ఆరుగురిని చంపారు. మహిళలపై అత్యాచారాలు చేశారు. ప్రాణాలతో మిగిలినవాళ్లు చీరాలకు పరుగెత్తుకొచ్చి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. తిరిగి ఆ ఊరికి వెళ్లబోమన్నారు. ఆ పోరాటం నుంచి దళిత మహాసభ పుట్టింది. బాధితులు చీరాలలోనే విజయనగర్ కాలనీలో స్థిరపడ్డారు.

జనగణన పట్టికలో వీళ్లు ఎలా కనిపిస్తారు? 1991 నాటికి వాళ్లు కారంచేడు లెక్కలోంచి పోయి చీరాల లెక్కలోకి వచ్చి ఉంటారు. పట్టిక అంతవరకే చెబుతుంది. వలసకు కారణం అడిగే ప్రశ్న జనగణనలో ఉంది. పని, చదువు, పెళ్లి, కుటుంబంతో రావడం వంటి గడులుంటాయి. 'కులం పేరుతో చంపబోతే పారిపోయి వచ్చాం' అనే గడి లేదు. అది 'ఇతరం' కింద పోతుంది.

పట్నం అంటే ఏది?

మున్సిపాలిటీగా ప్రభుత్వం ప్రకటిస్తే అది చట్టబద్ధమైన పట్నం. ప్రకటించకపోయినా మూడు షరతులు తీరితే జనగణన దాన్ని పట్నంగానే లెక్కిస్తుంది. కనీసం 5,000 జనాభా ఉండాలి. మగ ప్రధాన కార్మికుల్లో కనీసం 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండాలి. చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది నివసించాలి. ఇలాంటి వాటిని జనగణన పట్నాలు అంటారు. 2011లో దేశంలో మొత్తం 7,935 పట్నాలుంటే అందులో దాదాపు సగం ఇవే. పేరుకు పట్నాలు, పాలన పంచాయతీది.

షరతులో ఆడవాళ్ల పని లెక్కలోకి రాదు. దళిత మహిళలు చుట్టుపక్కల పొలాలకు కూలికి వెళ్తూనే ఉన్నా, మగవాళ్లు రిక్షా, తాపీ పని, హమాలీ వైపు మళ్లితే ఆ ఊరు లెక్కల్లో పట్నమైపోతుంది.

కుటుంబం అంటే పొయ్యి

జనగణనకు కుటుంబం అంటే రక్తసంబంధం కాదు. ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లందరూ ఒక కుటుంబం. అన్నదమ్ములు ఒకే కప్పు కింద ఉన్నా వేరు కుండ పెట్టుకుంటే రెండు కుటుంబాలు.

అందుకే కుటుంబ సగటు పరిమాణాన్ని జాగ్రత్తగా చదవాలి. నలుగురు సభ్యుల కుటుంబాలు పెరిగాయంటే చిన్న కుటుంబాలు హాయిగా వేరే ఇళ్లలో ఉన్నాయని అనుకుంటాం. కాలనీలోకి వెళ్లి చూస్తే వేరే సంగతి తెలుస్తుంది. తండ్రికి ముప్పై ఏళ్ల కిందట వచ్చిన ఒక్క గది ఇంట్లో పెద్దకొడుకు, వరండాకు రేకు దించి చిన్నకొడుకు ఉంటారు. రెండు పొయ్యిలు, రెండు రేషన్ కార్డులు, ఒకే ఇంటి నంబరు.

దీన్ని పట్టుకునే ప్రశ్న ఒకటుంది. ఇంట్లో ఎన్ని గదులు, పెళ్లయిన జంటలు ఎన్ని అని విడివిడిగా అడుగుతారు. గదుల కంటే జంటలు ఎక్కువున్న ఇళ్ల లెక్కే అసలైన ఇళ్ల కొరత. కానీ వేరు పొయ్యి పెట్టుకున్నవాళ్లు వేరు కుటుంబంగా నమోదైతే, ఒక్కో ఫారంలో ఒక గది, ఒక జంట కనిపిస్తాయి. ఇరుకు కాగితం మీద మాయమైపోతుంది.

గది అంటే ఏమిటో కూడా నిర్వచనం ఉంది. కనీసం 2 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు. అంటే ఒక మనిషి పడుకునేంత. వంట, నిద్ర, పిల్లల చదువు అన్నీ అందులోనే జరిగినా అది గదే. చీరాల లాంటి చేనేత ఊళ్లో గుంట మగ్గం ఉన్న గదిలోనే పడుకుంటే అదీ నివాసపు గదే. 2011లో దేశంలో 37 శాతం కుటుంబాలు ఒక్క గదిలో ఉన్నాయి.

మంచి ఇల్లు, సొంత ఇల్లు

గోడ దేనితో కట్టారు, కప్పు దేనితో వేశారు, నేల ఏమిటి అని అడుగుతారు. తాటాకు ఇంటి నుంచి రేకుల ఇంటికి, రేకుల ఇంటి నుంచి స్లాబు ఇంటికి మారడం ఇక్కడ కనిపిస్తుంది. ఇది నిజమైన మార్పే, తీసిపారేయకూడదు. మా అమ్మమ్మ తరం ప్రతి వేసవిలో అగ్గి భయంతో బతికింది.

తర్వాతి గడి ఇంటి పరిస్థితి. మంచిది, నివాసయోగ్యం, శిథిలం.  స్లాబు పెచ్చులూడి ఇనుప చువ్వలు బయటపడిన ఇంటికి కూడా బయటి నుంచి చూసి 'మంచిది' అని రాసేయవచ్చు.

ఇల్లు సొంతమా, అద్దెదా, ఇతరమా అని ఒక ప్రశ్న. పట్టా ఉందా అని అడగరు. ఎవరి పేరు మీద ఉందో అడగరు. పోరంబోకు మీద నలభై ఏళ్లుగా ఉంటూ రేపు రోడ్డు వెడల్పు చేస్తామంటే లేవాల్సిన కుటుంబమూ, బజారులో మూడంతస్తుల మేడ ఉన్న కుటుంబమూ ఒకే గడిలో 'సొంత ఇల్లు' అవుతాయి. విస్తీర్ణమూ అడగరు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 చివరి నుంచి పట్నాల్లో పేదలకు ఇచ్చిన ఇంటి స్థలం ఒక సెంటు, అంటే 48 గజాల చిల్లర. అదీ సొంత ఇల్లే.

ఇక అద్దె. అద్దె ఇళ్లు ఎన్ని అన్నది పట్టికలో ఉంటుంది. అద్దెకు దొరకని ఇళ్లు ఎన్ని అన్నది ఉండదు. పరిశోధన కోసం ఒక చిన్న పట్నంలో గది వెతికినప్పుడు మొదట ఇంటిపేరు అడిగారు, తర్వాత ఊరు, ఆ తర్వాత ఊళ్లో ఏ వైపు అని. మూడో జవాబు తర్వాత 'మా బంధువులొస్తున్నారండీ' అన్నారు. ఈ అనుభవం నా ఒక్కడిదే కాదని చదివేవాళ్లకు తెలుసు.

నీళ్లు ఎంత దూరం?

తాగునీరు ఎక్కడి నుంచి, ఎంత దూరం అన్నవి మరో రెండు ప్రశ్నలు. ఇంటి ఆవరణలోనే, దగ్గర, దూరం అని మూడు గడులు. పట్నంలో 100 మీటర్ల లోపు, గ్రామంలో 500 మీటర్ల లోపు ఉంటే దగ్గర.

కారంచేడులో గొడవ మొదలైంది నీళ్ల దగ్గరే. మాదిగలు తాగే చెరువు నీటిని మురికి చేయవద్దని అడ్డుచెప్పడం భూస్వాములకు నేరమైంది. ఆనాడు ఇప్పటి ఫారంతో ఎన్యూమరేటర్ వెళ్లి ఉంటే 'చెరువు' అని ఒక గడిలో, 'దగ్గర' అని మరో గడిలో రాసుకుని వచ్చేవాడు. నీళ్లు ఎంత దూరమో అడుగుతారు. వాటి మీద పెత్తనం ఎవరిదో అడగరు.

అయినా ఉన్న అంకెలే తేడాను గట్టిగా చెబుతున్నాయి. 2011లో దేశంలో ఇంటి ఆవరణలో తాగునీరు ఉన్నవి మొత్తం కుటుంబాల్లో సుమారు 47 శాతం, ఎస్సీ కుటుంబాల్లో సుమారు 35 శాతం. ఆవరణలో మరుగుదొడ్డి మొత్తంలో 47, ఎస్సీల్లో 34. కరెంటు దీపం మొత్తంలో 67, ఎస్సీల్లో 59.

సగటు చాటున

పట్నం దగ్గరికి వచ్చేసరికి ఇలాంటి పోలిక కష్టమవుతుంది. వార్డుల వారీ జనాభా పట్టికలో ఎస్సీలు ఎంతమందో ఉంటుంది. వార్డుల వారీ ఇళ్ల పట్టికలో కుళాయి, మరుగుదొడ్డి, డ్రైనేజీ ఉంటాయి. కానీ అవి రెండు వేర్వేరు పట్టికలు. ఆ వార్డులో డ్రైనేజీ లేని ఇళ్లు ఎవరివో రెండూ చెప్పవు.

ఒక ఊహాలెక్క చూద్దాం. ఒక వార్డులో 1,000 ఇళ్లు. 900 ఇళ్లకు డ్రైనేజీ ఉంది. 90 శాతం, బాగుంది అంటాం. ఆ వార్డు చివర పల్లెలో 150 ఇళ్లున్నాయి. డ్రైనేజీ లేని 100 ఇళ్లూ అక్కడివే అయితే, పల్లెలో మూడింట రెండొంతుల ఇళ్లకు డ్రైనేజీ లేనట్టు. వార్డు సగటు 90, పల్లె సగటు 33. ఇంజనీరు ఫైలులోకి వెళ్లేది మొదటి అంకె.

వార్డు కంటే చిన్న లెక్క లేదా? ఉంది. ఒక్కో ఎన్యూమరేటర్‌కు సుమారు 600, 700 మంది ఉండే బ్లాకు అప్పగిస్తారు. పల్లె దాదాపు ఒక బ్లాకులో పట్టేస్తుంది. కానీ ఆ స్థాయి అంకెలు మామూలుగా బయటికి ఇవ్వరు. వార్డు స్థాయిలోనే చూసిన త్రినా వితయతిల్, గాయత్రి సింగ్ 2012లో దేశంలోని ఏడు పెద్ద నగరాల మీద రాసిన పరిశోధనలో, ఆర్థిక స్థాయి కంటే కులం ప్రకారమే నివాసాలు ఎక్కువగా విడిపోయి ఉన్నాయని తేల్చారు. ఆ ఏడింటిలో హైదరాబాద్ ఒకటి. పట్నానికి పోతే కులం పోతుందన్న మాటకు ఇది జవాబు.

ఎస్సీగా లెక్కించేది ఎవరిని?

ఇళ్ల గణనలో కుటుంబ యజమాని ఎస్సీనా, ఎస్టీనా, ఇతరులా అని మాత్రమే అడుగుతారు. యజమానిని బట్టే ఇంటి మొత్తానికి ముద్ర.

దీనికి తోడు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఉంది. దాని ప్రకారం హిందువులే ఎస్సీలు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుణ్ణని రాయించుకున్న మాల, మాదిగలు ఎస్సీ గడిలోకి రారు. రాష్ట్రంలో వాళ్లు బీసీ-సి. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతమే అని లెక్క. కోస్తా పల్లెల్లో ఆదివారం పొద్దున ఒకసారి తిరిగినవాళ్లకు ఆ అంకె ఎలా వచ్చిందో అర్థమవుతుంది. నమ్మకం ఒకటి, కాగితం ఒకటిగా బతకాల్సిన పరిస్థితిని చట్టమే తెచ్చింది.

ఇది మతం గురించిన చర్చ మాత్రమే కాదు. రాజ్యాంగం 243-టి అధికరణ ప్రకారం మున్సిపాలిటీలో ఎస్సీ స్థానాలు ఎస్సీ జనాభా నిష్పత్తిలోనే ఉండాలి. ఉపప్రణాళిక నిధులూ జనాభా నిష్పత్తి మీదే ఆధారపడతాయి. అదే పల్లె, అదే మురుగు కాలువ, అదే వివక్ష. లెక్కలో తగ్గితే కౌన్సిల్‌లో కుర్చీ తగ్గుతుంది.

మన గుమ్మం ముందు

2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. పదిహేనేళ్ల నాటి అంకెలతోనే ప్రణాళికలు వేస్తున్నారు. కొత్త ఇళ్ల గణనను 2026 ఏప్రిల్, సెప్టెంబర్ మధ్య ఒక్కో రాష్ట్రంలో 30 రోజులపాటు, 33 ప్రశ్నలతో జరపాలని నిర్ణయించారు. 2027 ఫిబ్రవరిలో జరిగే జనాభా గణనలో అందరి కులమూ అడుగుతారు.

అందుకే పల్లెల్లో, కాలనీల్లో చదువుకున్న పిల్లలు ముందే ఇంటింటికీ చెప్పాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. ఎన్యూమరేటర్ వీధి మొదట్లో కూర్చుని రాసుకోకుండా ఇంటికి రావాలని అడగండి. వేరు పొయ్యి ఉంటే వేరుగా రాయించండి, పెళ్లయిన జంటలను వదలకుండా చెప్పండి. నీళ్లు రాని మరుగుదొడ్డిలో కట్టెలు పెట్టుకుంటుంటే ఆ సంగతి చెప్పండి. కుళాయి ఉన్నా నీళ్లు రాకపోతే నిజంగా ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారో ఆ చోటే చెప్పండి. ఇంటి పరిస్థితి గడిలో ఏం వేశారో అడిగి తెలుసుకోండి. కులం అడగకుండా ఊహించి రాస్తే ఆపండి.

ఇంకొక పని మన చేతిలోనే ఉంది. పల్లె లెక్క పల్లె రాసుకోవచ్చు. ఎన్ని పొయ్యిలు, ఎన్ని గదులు, ఎన్ని జంటలు, ఎన్ని పట్టాలు, ఎవరి పేరు మీద, ఎన్ని కుళాయిలు, ఏ వేళకు నీళ్లు అన్నవి ఒక నోటుపుస్తకంలో వారం రోజుల్లో రాసుకోగలిగిన విషయాలు. వార్డు సగటు 90 శాతం అని మున్సిపల్ ఆఫీసులో ఎవరైనా అంటే, ఆ పుస్తకం తీసి బల్ల మీద పెట్టాలి.